గైషా, పెద్దాయన, అప్పు పుస్తకం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ పేజీల కిమోనోల మీద, అంటే జపాన్ వాళ్ళ పాత తీరు బట్టల మీద, ఒక చిన్న జవాబు రాసినం. దాంట్ల గైషాల మాట, అంటే విందులల్ల ఆట పాటతోని పెద్దోళ్ళను అలరించే జపాన్ ఆడవాళ్ళ మాట, ఒక్క లైన్ వచ్చింది, అంతే. ఆ ఒక్క లైన్ పట్టుకొని నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి మస్తు ప్రశ్నలు వచ్చినయి. అన్నీ తిరిగి తిరిగి ఒక్క కాడికే వస్తున్నయి, పైసలున్న మగాయన ఒక దిక్కు, ఆట పాట నేర్చిన ఆడమనిషి ఒక దిక్కు, ఇద్దరిల ఎవరి మాట నడుస్తది అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్న.

నల్లగొండ నుంచి డిగ్రీ ఫైనలియర్ చదివే చెల్లె అడిగింది: అక్కా, గైషాల మీద ఒక ఇంగ్లీష్ సినిమా చూసిన. అందుల చిన్నపిల్లను అమ్మేస్తరు, పెద్దగైనంక ఒక ధనవంతుడు ఆమెను సూసుకుంటడు, చివరికి అది ప్రేమ అన్నట్టు చూపిస్తరు. మా హాస్టల్ల దీని మీద పెద్ద లొల్లి అయింది. కొందరేమో అది ఉంచుకునుడే అంటున్నరు, కొందరేమో కాదు వాళ్ళు కళాకారులు, చాలా పవర్ ఉంటది అంటున్నరు. ఏది నిజం?

చెల్లె, మీ హాస్టల్ల రెండు పార్టీలు చెప్పింది కూడా నిజమే, కాకపోతే ఒకే మనిషి గురించి కాదు. నేను చదివినకాడికి నాకు సమజైంది ఏందంటే, గైషాకు ఆ పెద్దాయనకు నడుమ బలం ఎటు మొగ్గుతదో తేల్చేది వాళ్ళిద్దరు కాదు, మూడో మనిషి. ఆ మూడో మనిషి గైషా ఉండే ఇంటి యజమానురాలు. ఆ ఇంటిని ఒకియా అంటరు, ఆమెను అమ్మా అనే పిలవాలె. పాత రోజులల్ల పేదింటి తల్లిదండ్రులకు ముందే పైసలిచ్చి పిల్లను ఆ ఇంటికి తెచ్చుకునేటోళ్ళు. ఇగ ఆ రోజు నుంచి పిల్ల తినే తిండి, డాన్స్ క్లాసు, షమిసెన్ అనే మూడు తీగల వాయిద్యం నేర్పే గురువు ఫీజు, కట్టే కిమోనో, అన్నీ ఆమె ఖాతాల అప్పు కిందనే రాసేది. మన దగ్గర కమీషన్ ఏజెంటు దగ్గర విత్తనాలు, మందులు ఉద్దెర తెచ్చుకున్న రైతు పంట కూడా ఆయనకే తూకం వెయ్యాలె సూడు, అచ్చం గట్లనే ఆ పిల్ల సంపాదన కూడా ఆ ఇంటికే పోవాలె, లెక్క రాసేది కూడా వాళ్ళే.

గిప్పుడు పెద్దాయన సంగతి. ఆయనను దన్నా అంటరు. పెద్ద వ్యాపారస్తుడో మంత్రో బ్యాంకాయనో అయి ఉంటడు, ఎందుకంటే చిన్న చితక సంపాదనతోని అయ్యే పని కాదు. నెలనెలా ఇంత అని ఇయ్యాలె, కిమోనోలు కొనాలె, ఆమె స్టేజి మీద ఆడే రోజు ఖర్చు ఎత్తుకోవాలె. ఆయన ఇష్టపడగానే అయిపోదు, టీ హౌస్, అంటే గైషాలను పిలిపించి విందులు చేసే ఇల్లు, దాని యజమానురాలు నడుమ నిలబడి మాట్లాడి, ఈయన నమ్మకస్తుడా, మొన్నటి బిల్లులు టైంకు కట్టిండా అని సూసి ఖాయం చేసేది. అప్పుల్లున్న పిల్లకు దన్నా దొరికితే ఆ పైసలు చాలా మట్టుకు ఇంటి అప్పు కిందికే పోయేది. అంటే ఆయన ఇచ్చేది ఆమెకు, చేరేది ఇంటికి. మరి ఆ పిల్ల నాకీయన వద్దు అనగలదా? అంత అప్పు నెత్తి మీద పెట్టుకొని ఎట్లంటది చెప్పు. దాన్ని ప్రేమ అనుడు నాకైతే మనసు ఒప్పది.

అదే గైషా అప్పు తీరినంక చూడాలె. అప్పు తీరి సొంతంగ పని చేసుకునే గైషాకు తన కిమోనోలు తనవే, తన సంపాదన తనదే. పిలిస్తే పోతది, ఇష్టం లేకపోతే పోదు. దన్నా ఉంటే ఉంటడు, లేకపోతే లేడు. వయసు మీద పడ్డా ఆటపాట బాగుంటే ఆమె గిరాకీ తగ్గేది కాదు, ఇది మాత్రం ఆ కాలంల చాలామంది ఇల్లాళ్ళకు లేని ఆసరా. పేరు అదే, పని అదే, కట్టే బట్ట అదే, అప్పు ఉన్నదా లేదా అన్నదాని మీద జీవితం మొత్తం తిరిగిపోయేది.

ఇద్దరి సంగతి చెప్తా. మసుదా సాయో అని ఒకామె, 1925ల పుట్టింది, 12 ఏండ్లకే సువా అనే వేడినీళ్ళ ఊటల ఊరిల గైషా ఇంటికి అమ్మేసిన్రు. సరిగ్గ చదువు కూడా రాదు. తన కథను ఒక ఆడవాళ్ళ పత్రిక పెట్టిన పోటీకి రాసి పంపింది, 1957ల అది పుస్తకంగ వచ్చింది. దాంట్ల ఆకలి, దెబ్బలు, తనను కొనుక్కున్న దన్నా మీద అసహ్యం, అన్నీ దాచకుంట రాసింది. ఇంకొకామె ఇవాసాకి మినెకో, 1949ల పుట్టింది, క్యోటో పట్నంల గియోన్ అనే గైషాల వాడల పేరు మోసిన గైషా, 1980ల 29 ఏండ్లకే మానేసింది. ఈమె ఏమంటది అంటే మా దగ్గర అమ్ముడు లేదు కొనుడు లేదు, మేము కళాకారులం అంటది. నువ్వు చూసిన సినిమాకు మూలమైన నవల రాసిన అమెరికా ఆయన మీద 2001ల కేసు కూడా వేసింది, తను చెప్పిన విషయాలను వంకర చేసిండని, పేరు బయట పెట్టిండని, 2003ల బయటనే రాజీ అయింది.

ఇద్దరిల అబద్ధం ఎవరిది అని అడగకు చెల్లె. మినెకోను ఆ ఒకియా వాళ్ళు వారసురాలిగ దత్తత తీసుకున్నరు, అంటే రేపు ఆ అప్పు పుస్తకం ఆమె చేతికే వస్తది. సాయో పేరు ఆ పుస్తకంల లోపల రాసి ఉన్నది. పైగ ఒకామెది రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఊరు, ఇంకొకామెది యుద్ధం తర్వాతి పట్నం. మీ హాస్టల్ లొల్లిల ఈ ముక్క పెట్టి చూడు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల గుమాస్తాగ పనిచేసే అన్న అడిగిండు: మేడం, అంత ఖర్చు పెట్టినాయనకు ఏం మిగులుతది? పైసలు ఇచ్చినంక ఆయన మాటే చెల్లాలె గదా?

అన్నా, లెక్కలు రాసే మనిషివి కాబట్టి నీకు లెక్కలోనే చెప్త. క్యోటోల టీ హౌసులకు కొత్త మనిషి పోయి జేబుల నోట్ల కట్ట చూపెట్టినా లోపలికి రానియ్యరు. పాత కస్టమర్ ఎవరన్న తీస్కపోయి ఈయన మావాడు అని చెప్పాలె. లోపల ఎంత తాగినా ఎంత తిన్నా ఆ రాత్రి పైస కట్టేది లేదు, బిల్లు తర్వాత ఇంటికో ఆఫీసుకో వస్తది. కొత్తాయన ఎగ్గొడితే తీస్కవచ్చినాయన నెత్తి మీద పడ్తది. గైషా గడిపిన టైంను పాతకాలంల అగరుబత్తి కాలుడుతోని లెక్క పెట్టేటోళ్ళు, ఒక్కో బత్తికి ఇంత అని. ఆ లెక్కంత కెన్‌బాన్ అనే ఆఫీసుల రాసేది, గైషా చేతిల కస్టమర్ రేటు మాట్లాడి పైసలు పెట్టుడు అనేది లేదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే ఆ వాడలల్ల మంత్రులు, కంపెనీ ఓనర్లు కూచొని మాట్లాడుకునే మాటలు బయటికి పోవద్దు. గైషా నోరు విప్పదు అన్న నమ్మకం మీదనే ఆ వ్యాపారం నిలబడ్డది. పెద్దాయనకు మిగిలేది ఆ నలుగురిల పేరు. ఫలానా గైషాకు ఈయన దన్నా అంటే, ఈయన దివాలా తియ్యలేదు, మాట మీద నిలబడే మనిషి అని మార్కెట్ల తెలుస్తది. అందుకని ఆయనకు కూడా ఆమె అవసరం ఉండేది, ఇష్టమొచ్చినట్టు అల్లరి చేస్తే ఆ టీ హౌస్ తలుపు మూసుకుంటది, ఆ వాడల అందరికీ తెలుస్తది. కాని ఒకటి, ఆయనకు పోయేది పరువు, ఆమెకు పోయేది బతుకుదెరువు. రెండూ ఒక తూకం కాదు.

సొమ్ము ఎంత దాక పోయేది అంటే, 1904ల జార్జ్ మోర్గన్ అని అమెరికా బ్యాంకర్ జే.పీ. మోర్గన్ బంధువు, గియోన్ గైషా కాతో యుకిని పెండ్లి చేసుకునేతందుకు ఆమెను విడిపించుకోను 40,000 యెన్లు కట్టిండు. ఆ కాలంల అది దేశమంత చెప్పుకున్న మొత్తం. ఆమె ఆయనతోని పోయింది, 1915ల ఆయన చనిపోయిండు, చాలా ఏండ్లు ఫ్రాన్స్‌ల ఉండి 1938ల క్యోటోకు తిరిగొచ్చింది. పత్రికలన్నీ ఆ 40,000 గురించే రాసినయి. ఆమె మనసుల ఏమున్నదో అడిగినోళ్ళు తక్కువ.

నారాయణపేట దిక్కు నుంచి ఒక టీచరమ్మ అడిగింది: మా స్కూల్ల జోగినీల పిల్లలు, అంటే దేవత పేరు మీద విడిచిన ఆడోళ్ళ పిల్లలు, చదువుతున్నరు. గైషాల గురించి విన్నప్పుడల్ల నాకు వాళ్ళే యాదికొస్తరు. రెండూ ఒక్కటేనా?

టీచరమ్మా, ఈ ప్రశ్న కోసమే నేను చానా సేపు కూసున్న. ఒక్కటి కాదు. పోలిక ఉన్నది గాని, పక్కపక్కన పెట్టి చూస్తే మన జోగినికి జరిగిన అన్యాయమే ఇంకా పెద్దగ కనవడ్తది.

గైషాకు కనీసం ఒక విద్య చేతిల పెడ్తరు. ఏండ్ల తరబడి డాన్స్, పాట, వాయిద్యం, మాట్లాడే పద్ధతి నేర్పుతరు. అప్పుకు ఒక లెక్క ఉంటది, ఆ లెక్క ఎంత అన్యాయమైనా సరే ఒక రోజు తీరుతది. మన మక్తల్, ఊట్కూర్ దిక్కు మాదిగ, మాల ఇండ్లల్ల పిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో విడిచిండ్రంటే తీరేది అనేది లేదు. అప్పు లేదు, కాయిదం లేదు, గడువు లేదు. ఊరి పెద్ద కులపాయన ముందు వస్తడు, నెల ఖర్చు ఇయ్యడు, కిమోనో లెక్క చీర కొనియ్యడు, పుట్టిన పిల్లకు పేరు కూడా ఇయ్యడు. జాతరల ఆడాలె, చావు కాడ శవం ముందల ఆడాలె. పొద్దున పొలంల కైకిలి కూడా ఆమెనే పోవాలె. జపాన్ పెద్దాయన తన హోదా చూపెట్టుకోను దన్నా అయితడు, అందరికీ తెలిసే ఉంటడు. ఇక్కడి పెద్దాయన చీకట్ల వచ్చి తెల్లారి ఆమెను ఊరవతల నిలబెట్టి మాట్లాడుతడు. పైసల బలం ఒక దిక్కు, దాని మీద కులం బలం, దాని మీద దేవుని పేరు, మూడూ కలిసి ఒక్క పిల్ల మీద పడ్డయి.

చట్టం 1988ల వచ్చింది, దేవదాసీలుగ జోగినీలుగ విడుచుడు నేరం అని. ఆ చట్టం కాయిదం మీద ఉండంగనే ఆగలే, జోగినీలే బయటికొచ్చి మాట్లాడబట్టి, ఊర్లల్ల ఆడపిల్లలకు జోగిని పట్టం కట్టకుంట అడ్డం నిలబడబట్టి తగ్గింది. దొరల గడీలల్ల ఆడబాపల సంగతి కూడా మీకు తెలిసే ఉంటది, దొర బిడ్డ పెండ్లయి పోతుంటే సామాన్లతోని పాటు ఒక ఆడపిల్లను కూడా పంపేది. ఆమె అక్కడ ఎవరి మాట కాదనాలె? ఇవన్నీ ఒక వరుసల పెట్టి చూసేతప్పుడు గైషా కథ అందమైన బట్టల కథ లెక్క కనవడుతదని నాకు జర భయం అనిపిస్తది, ఎందుకంటే ఆ బట్టల కింద కూడా అమ్ముడుపోయిన పిల్లలే ఉన్నరు.

మన దగ్గరనే ఇంకో రకం కూడా ఉన్నది. హైదరాబాద్ల మహ్ లఖా బాయి చందా, 1768ల పుట్టి 1824ల చనిపోయిన కవయిత్రి, రెండో నిజాం దర్బారుల పాడేది. ఆమెకు జాగీర్లు దొరికినయి, మౌలాలి గుట్ట కింద తల్లి కోసం కట్టించిన తోటలనే ఆమె సమాధి ఉన్నది. పెండ్లి చేసుకోలే. ఆమెకు ఉన్న ధైర్యం ఆ భూములల్లకెళ్ళి వచ్చింది, తన పేరు మీద జాగీరు ఉన్న ఆడమనిషి ముందల నవాబు కూడా జర తగ్గి మాట్లాడుతడు. మీ స్కూల్ పిల్లల తల్లులకు కూడా వాళ్ళ పేరు మీద రెండెకరాలు, ఇల్లు పట్టా కావాలె. ఆ మాట మీ ఎమ్మార్వో ఆఫీసు కాడ మీరు అడుగుతూనే ఉండుండ్రి.

వనపర్తి నుంచి ఒక అమ్మ అడిగింది: బిడ్డా, మరి ఆ పెద్దాయనల ఇంటోళ్ళు ఏమనేది కాదా?

అమ్మా, అనేతందుకు వాళ్ళకు జాగ లేకుండె. పెండ్లి అంటే రెండు ఇండ్ల నడుమ ఒప్పందం, మొగుడు గైషా దగ్గరికి పోతే ఊకోవాలె, పైగ కొందరు భార్యలు పండుగకు గైషా ఇంటికి కానుకలు కూడా పంపేటోళ్ళు. అప్పటి చట్టం వింటే మీకు కోపం వస్తది. భార్య పరాయి మగాయనతోని పోతే జైలు, మొగుడు గైషా దగ్గరికి పోతే అది నేరమే కాదు. యుద్ధం ఓడినంక 1947ల గాని ఆ సెక్షన్ తీసెయ్యలే. అందుకే గైషా గెలిచింది భార్య ఓడింది అన్నట్టు చెప్పే కథలు నాకు నచ్చవు, ఇద్దరికీ రూల్సు రాసింది మగాయనలే.

దేవరకొండ నుంచి టీ కొట్టు నడిపే తమ్ముడు అడిగిండు: అక్కా, ఎప్పుడన్న గైషా ఎదురు తిరిగిందా?

తిరిగింది తమ్మీ, అది కూడా ప్రధానమంత్రి మీద. 1989 జూన్ల ఉనో సోసుకె ప్రధాని అయిండు. కుర్చీల కూసున్న కొద్ది రోజులకే సండే మైనిచి అనే వారపత్రికల ఒక మాజీ గైషా మాట్లాడింది. టోక్యోల కగురజాక వాడల పని చేసేటప్పుడు ఈయన ఆమె చేతి మూడు వేళ్ళు పట్టుకొని, నా దగ్గర ఉంటే ఇంత ఇస్త అన్నడట. మూడు వేళ్ళంటే నెలకు 3 లక్షల యెన్లు. ఆ ఒక్క సైగ దేశమంత పాకింది. చాలామందికి కోపం వచ్చింది సంబంధం పెట్టుకున్నందుకు కాదు, ఒక మనిషిని వేళ్ళు పట్టి రేటు కట్టినందుకు, మర్యాద లేకుంట చూసినందుకు. ఆ వాడల పెద్దోళ్ళు మాత్రం ఆమెనే తిట్టిన్రు, గైషా నోరు విప్పుడేంది అని.

అప్పటికే కొత్తగ వేసిన 3 శాతం అమ్మకం పన్ను, రిక్రూట్ అనే షేర్ల కుంభకోణం జనాన్ని మండిస్తున్నయి. జులైల ఎగువ సభ ఎన్నికలల్ల పాలక పార్టీ మెజారిటీ పోయింది, ఆడవాళ్ళు చాలామంది గెలిచిన్రు. ఉనో 69 రోజులకే దిగిపోయిండు. అన్నీ ఆమె వల్లనే అని చెప్పను, కాని అన్ని వందల ఏండ్ల నుంచి పెద్దాయనల రహస్యాలు మోసిన వాడలకెళ్ళి ఒక్క మనిషి, నేను మోయ్య అన్నది. ఆ ధైర్యం ఆమెకు ఎక్కడిది అంటే, అప్పటికి ఆమె గైషా పని ఇడిసిపెట్టింది, ఆ ఇండ్లకు బాకీ లేదు. మళ్ళ అదే అప్పు పుస్తకం కాడికి వస్తున్నం సూడు.

ఇంకోటి, సర్కారు ఎదురు తిరిగిన కథ కూడా ఉన్నది. 1872ల యొకొహామా రేవుల పెరూ దేశపు ఓడ మరియా లుజ్ ఆగింది, దాంట్ల చైనా కూలీలను బానిసల లెక్క తీస్కపోతున్నరు. జపాన్ వాళ్ళు విడిపించిన్రు. అప్పుడు ఓడ దిక్కు లాయర్ అన్నడు, మీ దేశంల ఆడపిల్లలను అమ్ముకుంటలేరా అని. దెబ్బకు అదే ఏడాది వేశ్యలను, గైషాలను విడుదల చేస్తున్నం అని ఆర్డర్ వేసిన్రు. అందుల ఏం రాసిన్రంటే, వీళ్ళను పశువుల లెక్క చేసిన్రు, పశువులను అప్పు కట్టుమని ఎవరన్న అడుగుతరా, కాబట్టి బాకీలు చెల్లవు అని. వినను బాగుంటది గాని ఆ పోలిక చూడు ఎంత అవమానమో. కొన్నాళ్ళకే ఇండ్ల యజమానులు కాయిదాలు మార్చి రాసుకున్నరు, పిల్ల తన ఇష్టంతోనే వచ్చింది, మేము గది కిరాయికిచ్చినం అని. ఇష్టం అనే మాట కాయిదం మీద రాయించుకుంటే అయిపాయె.

సూర్యాపేట నుంచి వచ్చిన ప్రశ్న: ఇప్పుడు కూడా అమ్ముతరా? మా బిడ్డ ఒసాకాల జాబ్ చేస్తది, ఏప్రిల్ల పోతున్నం, గైషాలను చూడొచ్చా, చూసుడు తప్పా?

అమ్ముడు ఇప్పుడు లేదమ్మా. యుద్ధం తర్వాత వచ్చిన కార్మిక చట్టం, ముందే అప్పు ఇచ్చి జీతంల పట్టుకునుడు బంద్ చేసింది, 1956ల వ్యభిచారం మీద చట్టం వచ్చి 1958 నుంచి గట్టిగ అమలైంది. ఇప్పుడు పిల్లలు తొమ్మిదో తరగతి దాక చదువు అయినంక, 15 ఏండ్లు దాటినంక, తమంతట తామే క్యోటోకు పోయి మైకోలుగ, అంటే నేర్చుకునేటోళ్ళుగ చేరుతరు. దేశమంతటి నుంచి వస్తరు, ఆ బట్టల మీద ఇష్టంతోని వస్తరు. మైకో నడుముకు వెనక వేలాడే పొడుగు పట్టీ ఉంటది సూడుండ్రి, దాని చివర్ల ఆ ఇంటి ముద్ర నేసి ఉంటది. ఏ ఇంటి పిల్లో వెనక నుంచి చూస్తేనే తెలుస్తది.

అంత బాగున్నదా అంటే కాదు. 2022ల ఒక మాజీ మైకో ట్విట్టర్ల రాసింది, 16 ఏండ్లకే మందు తాపిన్రు, కస్టమర్లతోని స్నానానికి పొమ్మన్నరు అని. జపాన్ల మందు తాగేతందుకు 20 ఏండ్లు నిండాలె. నేర్చుకునే ఏండ్లల్ల మైకోలకు జీతం ఉండదు, తిండి, బట్ట, ఫీజులు ఇల్లే చూస్తది, జేబు ఖర్చు ఇస్తది. పాత అప్పు పుస్తకం చట్టంల లేదు గాని, నీ మీద ఇంత పెట్టినం అనే మాట ఉన్నప్పుడు 16 ఏండ్ల పిల్ల పెద్ద కస్టమర్‌కు వద్దు అని ఎట్ల చెప్తది? ఆ పిల్ల రాసింది చదివినంక నేను ఆ తెల్ల పౌడర్ ఫోటోలను మునుపటి లెక్క చూస్తలేను.

చూసుడు తప్పు కాదు. ఏప్రిల్ నెలంత గియోన్ల మియాకో ఒదొరి అని డాన్స్ ప్రోగ్రాం ఉంటది, 1872 నుంచి నడుస్తున్నది, ఎవరి సిఫార్సు అక్కర లేదు, టికెట్ కొనుక్కొని కూసోవచ్చు. మీ బిడ్డను ముందే ఆన్‌లైన్ల బుక్ చెయ్యమనుండ్రి. గల్లీలల్ల మాత్రం వాళ్ళ ఎంబడి పడి ఫోటోలు తియ్యకుండ్రి, కిమోనో పట్టుకొని గుంజకుండ్రి, వాళ్ళు డ్యూటీకి పోతుంటరు. గియోన్ల ప్రైవేట్ గల్లీలకు టూరిస్టులు రావద్దని 2024ల బోర్డులు పెట్టిన్రు, పోతే 10,000 యెన్లు ఫైన్. పెద్ద రోడ్డు మీద నడవొచ్చు, దానికి అడ్డం లేదు.